లాడం తీసిన గుర్రం గిట్ట కుదురుకుంటోందా? ఏం చూడాలి, ఎలా రాసిపెట్టుకోవాలి

తిరువళ్లూరు, తిరుత్తణి చుట్టుపట్ల గుర్రాన్ని సాకుతున్న తెలుగు ఇళ్లను ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. స్టేషన్ దగ్గర యాత్రికుల కోసం కాచుకుని ఉండే జట్కాలు పెద్దవాళ్ల జ్ఞాపకాల్లోనే మిగిలాయి. ఉన్న కొద్ది గుర్రాలూ పెళ్లి ఊరేగింపులకు, గుడి ఉత్సవాలకు, అక్కడక్కడా పిల్లలకు స్వారీ నేర్పడానికి పనికొస్తున్నాయి. సంఖ్య చిన్నదే అయినా, ఈమధ్య మా సంఘానికి వాటి గురించి వస్తున్న ప్రశ్న దాదాపు ఒకటే. ‘‘లాడాలు తీయించి గిట్టలు చెక్కిస్తున్నాం. బాగవుతోందో, పాడవుతోందో అంతుపట్టడం లేదు. ఎలా తెలుసుకోవాలి?’’

ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, దాని మీద ఒక జీవి బతుకు ఆధారపడి ఉంది. ఇంట్లో కుర్రవాళ్లు ఫోనులో వీడియోలు చూసి లాడాలు తీయిస్తారు. నెల తిరిగేసరికి గుర్రం రాళ్ల మీద తడబడుతుంది. రెండు నెలలు ఓపిక పట్టి, ‘ఇది మన వల్ల కాదు’ అని మళ్లీ లాడాలు కొట్టిస్తారు, లేదా అమ్మేస్తారు. కుంటి గుర్రాన్ని కొనేవాడు దాన్ని ఎందుకు కొంటాడో మనకు తెలియనిది కాదు. బాగుపడుతున్న గుర్రాన్ని పాడైపోయిందనుకుని అమ్ముకోవడం ఒక నష్టం. పాడైపోతున్నదాన్ని బాగుపడుతోందనుకుని నెలల తరబడి నడిపించడం అంతకంటే పెద్ద పాపం. ఈ రెంటి మధ్య తేడా కళ్లకు కనిపించేదే. ఎక్కడ చూడాలో తెలియాలి, చూసింది రాసిపెట్టుకోవాలి.

ముందు మాటల సంగతి. మన ప్రాంతంలో లాడం అంటాం, తెలుగునాట నాడా అని కూడా అంటారు. తమిళంలోనూ లాడమే. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది గానీ, ఇలాంటి మాటలకు ఆ ముందూ ఆ తరువాతా సరిహద్దు లేదు. ఎద్దుకు లాడం కొట్టడం మన పల్లెల్లో చాలామంది చూసినదే. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి రెండు పలకలు వేస్తారు, ఎద్దును పడుకోబెట్టి కాళ్లు కట్టి కొడతారు. గుర్రం గిట్ట ఒకటే ముద్ద. నిలబెట్టే కొడతారు. ఎద్దుకు అలవాటైన చెయ్యి గుర్రానికి సరిపోతుందనుకోవడం ఇక్కడ తరచు కనిపించే పొరపాటు.

గిట్ట చచ్చిన కొమ్ములా కనిపిస్తుంది గానీ లోపల రక్తం పారుతుంది. బయట గట్టిగా ఉండేది గిట్ట గోడ. ఇది పైన వెంట్రుకల అంచు దగ్గర పుట్టి, మన గోరులాగే కిందికి పెరుగుతుంది. నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు. ముందు మొన దగ్గర పైనుంచి కిందిదాకా కొత్త గోడ రావడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. మడమ దగ్గర ఎత్తు తక్కువ గనుక నాలుగైదు నెలల్లో వస్తుంది. కాలెత్తి అడుగున చూస్తే అరికాలు, దాని మధ్యలో వెనుకనుంచి ముందుకు మొనదేలిన మెత్తటి ముక్కోణపు భాగం కనిపిస్తాయి. ఆ మెత్తటి భాగాన్ని ఇంగ్లీషువాళ్లు ‘ఫ్రాగ్’ అంటారు, అంటే కప్ప. ఆ పేరు ఎందుకు పెట్టారో గానీ, మేమూ ఇక్కడ కప్ప అనే రాస్తాం. గోడకూ అరికాలికీ మధ్య సన్నటి గీత ఉంటుంది. పేరుకు తెల్లగీత, చూడడానికి పసుపు ఛాయలో ఉంటుంది. గోడ లోపలి ఎముకను పట్టుకుని ఉండేది పుస్తకం పుటల్లా ఒకదానిలో ఒకటి అల్లుకున్న పొరల వల్ల. ఆ పట్టు సడలితే తెల్లగీత వెడల్పవుతుంది, గోడ బయటికి విచ్చుకుంటుంది, అరికాలు చదునవుతుంది.

బేర్‌ఫుట్ ట్రిమ్మింగ్ అంటే లాడం లేకుండా వదిలేయడం కాదు. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి గోడను అరికాలి మట్టానికి దగ్గరగా తగ్గించి, అంచును ఆకురాయితో గుండ్రంగా చేసి, పెరిగిన మడమను కొంచెం కొంచెంగా దించుతూ పోవడం. బతికి ఉన్న అరికాలినీ కప్పనూ కత్తితో చెక్కకూడదు. మనవాళ్లలో కొందరు శుభ్రంగా కనిపించాలని కప్పను తెల్లగా చెక్కిస్తారు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, గుర్రానికి మాత్రం చెప్పులు లాగేసినట్టే.

ఈ పద్ధతికి ఇటీవలి కాలంలో పేరు తెచ్చినవారిలో ముఖ్యుడు అమెరికాలో లాడాలు కొట్టే వృత్తిలో ఉన్న జేమీ జాక్సన్. 1980లలో అక్కడి గ్రేట్ బేసిన్ ఎడారిలో తిరిగే అడవి గుర్రాల గిట్టలను పరిశీలించి, 1992లో పుస్తకం రాశాడు. పొట్టిగా, గట్టిగా, అంచు గుండ్రంగా అరిగిన ఆ గిట్టలే నమూనా అన్నాడు. అయితే ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడి అడవి గుర్రాలను చూసినప్పుడు వాటి గిట్టల్లోనూ జబ్బులు కనిపించాయి. నేల, మేత, నడక దూరం మారితే గిట్ట మారుతుంది. ఎండు రాతినేల మీద రోజంతా నడిచే గుర్రానికీ, కార్తీకంలో బురద కొట్టంలో కట్టేసిన మన గుర్రానికీ ఒకే లెక్క వేస్తే కుదరదు.

ఇది కొత్త విద్య కూడా కాదు. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు సేనాని జెనొఫోన్ రాసిన గుర్రపు శాస్త్రంలో గిట్ట గురించి ముందే చెప్తాడు. అప్పటికి అక్కడ మేకులతో కొట్టే లాడం లేదు. గిట్ట మందంగా ఉండాలనీ, కప్ప నేలకు మరీ ఒరుసుకోకూడదనీ, మంచి గిట్ట నేల మీద తాళంలా మోగుతుందనీ, గిట్టలు గట్టిపడటానికి కొట్టం ముందు గుండ్రాళ్లు పరవాలనీ సలహా ఇచ్చాడు. మన దేశంలో శాలిహోత్రుడి పేరున అశ్వశాస్త్రం ఉంది. తెలుగులో గుర్రాల లక్షణాల మీద పద్యాల్లో గ్రంథం రాసిన మనుమంచి భట్టు ఉన్నాడు. విజయనగర రాజు ఏటా పదమూడు వేల గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. పరాయి నేల నుంచి ఓడల్లో వచ్చిన అన్ని గుర్రాలను ఈ వాతావరణంలో నిలబెట్టడానికి శాస్త్రం అవసరమే కదా.

ఇంతకంటే ముందు, 13వ శతాబ్దం చివర్లో, తమిళ తీరం గుండా వెళ్లిన మార్కో పోలో ఒక చేదు మాట రాశాడు. ఇక్కడి రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారట, ఏడాది తిరిగేసరికి చాలాభాగం చచ్చిపోతాయట. వాటిని చూసుకోవడం తెలిసినవాళ్లు లేరట. గుర్రాలు అమ్మే వర్తకులు తమ బేరం తగ్గకుండా గిట్టల పనీ వైద్యమూ తెలిసినవాళ్లను ఇటు రానివ్వరట. గుర్రాలకు మాంసంతో వండిన అన్నం పెడతారని కూడా రాశాడు. విన్నది కలిపి రాసి ఉండవచ్చు. కానీ చూసుకునే విద్య లేకపోతే గుర్రం నిలవదన్నది మాత్రం ఏడు వందల ఏళ్ల తరువాతా మన ముందే ఉంది.

ఇక అసలు విషయం. మేము ఉద్యోగ జీవితమంతా గుమాస్తాగా రిజిస్టర్లు రాసినవాళ్లం కాబట్టి, గిట్టను చూసినప్పుడు మాకు మొదట తట్టింది ఇదొక రిజిస్టరని. పై అంచున ఉన్నది ఈ నెల రాసింది. కింద నేలకు తగిలేది దాదాపు ఏడాది క్రితం రాసింది. కింది అంచు చీలిపోయిందని, పెళ్లలు ఊడుతున్నాయని బెంగపడేవాళ్లు పాత పుట చదువుతున్నారు. బాగుపడుతోందా అని తెలియాలంటే వెంట్రుకల అంచు కింద మొదటి రెండు వేళ్ల మందం చూడాలి. ఆ కొత్త గోడ కింది పాత గోడకంటే నిటారుగా, లోపలికి బిగువుగా దిగుతుంటే మంచి కబురు. పక్కనుంచి చూస్తే రెండింటి మధ్య చిన్న విరుపు కనిపిస్తుంది. ఆ విరుపు నెలనెలా కిందికి జరగాలి. జరగకుండా అక్కడే నిలిచిందంటే, లేదా కొత్త గోడ కూడా పాతదానిలాగే బయటికి విచ్చుకుంటోందంటే, చెక్కే పద్ధతిలోనో మేతలోనో లోపం ఉన్నట్టు.

గోడ మీద అడ్డంగా ఉండే వలయాలూ చదవదగినవే. జ్వరం, మేత మార్పు, వానాకాలం, ప్రయాణం అన్నీ అక్కడ గీత గీస్తాయి. వలయాలు ముందు నుంచి మడమదాకా సమానమైన ఎడంతో ఉంటే భయం లేదు. ముందు ఇరుకుగా, మడమ దగ్గర వెడల్పుగా విప్పుకుంటే మాత్రం ఎప్పుడో లామినైటిస్ వచ్చి వెళ్లిందని, లేదా ఇంకా లోపల ఉందని అనుమానించాలి. లోపలి పొరలు వాచి ఎముక పట్టు సడలే జబ్బు ఇది. దీనికి పశువైద్యుడు, ఎక్స్‌రే కావాలి. ఆకురాయి ఒక్కటే చాలదు.

లాడం తీసిన గిట్టకు ఇంకో గడియారం కూడా ఉంటుంది. మేకుల రంధ్రాలు. అవి గోడలో నేలకు రెండు సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయి. కిందికి పెరిగి, చెక్కుడులో పోవడానికి రెండు మూడు నెలలు. అంతవరకు గోడ ఆ రంధ్రాల దగ్గర పెళుసుగా ఊడుతుంది. దాన్ని చూసి ‘లాడం తీయగానే గిట్ట విరిగిపోయింది’ అనేవాళ్లే ఎక్కువ.

అడుగున చూడాల్సింది కప్ప. ఆరోగ్యమైన కప్ప వెడల్పు దాని పొడవులో సగానికి పైగా ఉంటుంది. నొక్కితే గట్టి రబ్బరులా ఉంటుంది. దాని నడిమి గాడి బొటనవేలు ఒత్తినంత లోతుగా, పొడిగా ఉండాలి. గిట్ట శుభ్రం చేసే కొక్కెం ఆ గాడిలో లోపలికి దిగబడితే, నల్లటి తడి, కుళ్లు కంపు ఉంటే, అది ఫంగస్, సూక్ష్మజీవులు తినేస్తున్న జబ్బు. దాన్ని ఇంగ్లీషులో త్రష్ అంటారు. గుర్రం మడమ మోపకుండా మొన మీద నడవడానికి ఇదొక పెద్ద కారణం. మైలుతుత్తం పోసి కాల్చేయడం మన పాత పద్ధతి. చిక్కగా పోస్తే బతికిన చర్మాన్నీ కాలుస్తుంది కాబట్టి ఎంత పలుచగా వాడాలో పశువైద్యుణ్ణి అడిగే వాడాలి. కప్పకు రెండు వైపులా ఉండే గాళ్లు, ముఖ్యంగా మొన దగ్గర, లోతు పెరుగుతుంటే అరికాలు మందమవుతోందన్నమాట. ఆ లోతు కత్తితో రాకూడదు, పెరుగుదలతో రావాలి.

కానీ గిట్ట ఎంత అందంగా ఉన్నా తీర్పు చెప్పేది నడకే. సిమెంటు గచ్చు మీద మామూలు నడకలో నడిపించి పక్కనుంచి చూడండి. మడమ ముందు తగులుతోందా, మొన ముందు తగులుతోందా? మడమ, లేదా గిట్ట మొత్తం చదునుగా తగిలితే గుర్రం వెనుక భాగాన్ని నమ్ముతోంది. మొన ముందు తగిలితే వెనుక నొప్పి ఉంది, లేదా భయం ఉంది. ఇప్పుడు అందరి ఫోన్లలో నెమ్మదిగా చూపే వీడియో ఉంది, అది చాలు. చెవికి కూడా తేడా తెలుస్తుంది. నాలుగు అడుగుల చప్పుడు సమానంగా ఉండాలి. తరువాత మెత్తటి మట్టి మీద, ఆ తరువాత కంకర మీద నడిపించి చూడండి. మట్టి మీద కుంటుతుంటే అది అరికాలి సున్నితం కాదు, లోపల ఇంకేదో ఉంది. కంకర మీద మాత్రమే తడబడితే లాడం తీసిన కొత్తలో మామూలే, అయితే నెలనెలా తగ్గాలి. పశువైద్యులు కుంటును 0 నుంచి 5 దాకా అంకెల్లో రాస్తారు. 0 అంటే ఏ కుంటూ కనిపించదు, 5 అంటే కాలు మోపలేదు. ఇంట్లోనూ ఆ అంకె రాయవచ్చు, ప్రతిసారీ ఒకే మనిషి చూసి రాస్తే.

రోజూ చేయవలసింది ఒకటి ఉంది. గిట్టకు పైన ఉన్న మొదటి కీలు వెనుక, రెండు పక్కల్లో వేలు పెడితే నాడి దొరుకుతుంది. బాగున్న గుర్రంలో అది వెతుక్కుంటే గానీ దొరకదు. వేలు పెట్టగానే టకటకా కొట్టుకుంటే, గిట్ట గోడ వేడిగా ఉంటే, ఆ రోజు నడిపించకూడదు, కబురు చేయాలి. ఒక్క కాలే హఠాత్తుగా మోపలేకపోతే గిట్ట లోపల చీము పట్టి ఉండవచ్చు. రెండు ముందరి కాళ్లూ ఒకేసారి నొస్తుంటే, గుర్రం బరువంతా వెనక్కి వేసి నిలబడితే, లామినైటిస్ అనుకుని పరుగెత్తాలి. అది చెక్కుడు నెల వచ్చేదాకా ఆగేది కాదు.

మా సభ్యుల్లో ఒక కుటుంబం విషయంలో ఇవన్నీ దగ్గరుండి చూశాం. తిరుత్తణి పక్కన ఒక పల్లె. పద్నాలుగేళ్ల గోధుమరంగు ఆడగుర్రం, ఊరేగింపుల మీద ఆ ఇంటికి కొంత రాబడి. ఏళ్లుగా ఒకే కొలత లాడాలు, మడమలు ముడుచుకుపోయి, కప్ప ఎండిపోయి ఉంది. సంక్రాంతి వెళ్లాక లాడాలు తీయించారు. మార్చి నెలకే ఒక బేరగాడు వచ్చి ధర చెప్పాడు. ఇంటి పెద్దాయన సగం ఒప్పుకున్నాడు. ఆయన భార్య మాత్రం ‘‘ఇన్నేళ్లు మనకు తిండి పెట్టింది, ఏడాది దానికి మనం పెట్టలేమా?’’ అంది. చివరికి సంఘం మాట మీద ఉగాది నుంచి నోటుబుక్కు పెట్టారు. జనవరిలో చెక్కిన మనిషి ఎందుకో కొలిచి చెప్పిన కప్ప వెడల్పు 28 మిల్లీమీటర్లు, పొడవు 75. ఏప్రిల్‌లో 31. అప్పటికీ మొన మీదే నడక. కంటికి ఏ తేడా లేదు, కుర్రవాళ్లు విసుగెత్తిపోయారు. అయితే వెంట్రుకల అంచు కింద కొత్త గోడ నిటారుగా దిగడం ఫోటోల్లో స్పష్టంగా ఉంది. ఆ ఒక్క సంగతి మీద ఇంకో మూడు నెలలు గడువు అడిగాం. జూలైలో గచ్చు మీద గిట్ట చదునుగా తగలడం వీడియోలో కనిపించింది. సెప్టెంబరులో కప్ప వెడల్పు 41. కంకర మీద ఇంకా జాగ్రత్తగానే నడుస్తుంది. బేరగాడు మళ్లీ రాలేదు, రానివ్వలేదు.

ఒక్క గుర్రం అనుభవాన్ని శాస్త్రమని మేము అనడం లేదు. అదే పద్ధతిలో మొదలుపెట్టిన మరో గుర్రం విషయంలో నాలుగో నెలకు కూడా నాడి గట్టిగానే కొట్టుకుంటుంటే, ఎక్స్‌రే తీయించి, పశువైద్యుడి సలహా మీద మళ్లీ ప్రత్యేకమైన లాడం వేయించారు. అదీ సరైన నిర్ణయమే. రోజూ తారురోడ్డు మీద బండి లాగే గుర్రానికి గోడ పెరిగేదానికంటే అరిగేదే ఎక్కువ. దానికి లాడం గానీ, గిట్టకు తొడిగే బూటు గానీ తప్పదు. లాడం పాపమనీ, వట్టి గిట్టే పుణ్యమనీ వాదించేవాళ్లతో మాకు పనిలేదు.

మేత సంగతి చెప్పకపోతే ఇదంతా సగమే. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అని మనకు సామెత ఉంది గానీ, గిట్టకు చేటు చేసేది దాణా తక్కువ కావడం కంటే ఎక్కువ కావడం. ఉత్సవానికి ముందు బెల్లం, అన్నం, తవుడు గంపలకొద్దీ పెట్టే అలవాటు మానాలి. పిండి పదార్థం, చక్కెర ఒక్కసారిగా పడితే లామినైటిస్ రావచ్చు. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. అదే ప్రధాన మేతగా ఏళ్ల తరబడి పెడితే ఎముకలు పాడవుతాయి. కడుపు నింపేది ఎండుగడ్డి, పచ్చగడ్డి కావాలి. ఉలవలు నానబెట్టి, కొలిచి. వాటి పేరే ఇంగ్లీషులో గుర్రపు పప్పు, అయినా కొలత కొలతే. మంచి మేత పడిన నెల గిట్ట మీద కూడా కనిపిస్తుంది, చెడ్డ మేత పడిన నెల ఇంకా బాగా కనిపిస్తుంది.

నేల కూడా. తిరుత్తణి కొండల వైపు గరుకు నేల, రాళ్లు. గిట్ట గట్టిపడటానికి మంచిదే, లాడం తీసిన మొదటి నెలల్లో మాత్రం కష్టం. తిరువళ్లూరు, పూండి వైపు వరి పొలాలు, బంక నేల. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో గిట్ట నీళ్లలో నానిపోతుంది, కప్ప కుళ్లుతుంది. కొట్టంలో ఒక మూలైనా మెరకగా, ఇసుక పోసి పొడిగా ఉంచితే సగం జబ్బు ఆగుతుంది. మే నెలలో గోడ ఎండి సన్నగా చీలుతుంది. ఆ చీలిక పై అంచుదాకా పోనంతవరకు కంగారు లేదు. అందుకే నోటుబుక్కులో నేల తడిగా ఉందా, పొడిగా ఉందా అని ఒక గడి తప్పక ఉండాలి. నవంబరు ఫోటోను మే ఫోటోతో పోల్చి తీర్పు చెప్పకూడదు. నవంబరును మళ్లీ నవంబరుతో పోల్చాలి.

ఫోటోలు తీయడంలో మనవాళ్లు చేసే తప్పేమిటంటే నిలబడి పైనుంచి తీస్తారు. అలా తీస్తే ఏ గిట్టైనా వంకరగానే కనిపిస్తుంది. గిట్టను శుభ్రం చేసి, చదునైన పలక మీద మోపించి, ఫోనును నేలకు ఆనించి పక్కనుంచి ఒకటి, ముందు నుంచి ఒకటి, మడమ వెనుక నుంచి ఒకటి, కాలెత్తి అడుగున ఒకటి తీయాలి. పక్కన పిల్లల స్కూలు స్కేలు పెట్టాలి. చెక్కిన రోజు ముందొకసారి, తరువాత ఒకసారి. నాలుగు కాళ్లకూ ఇది అరగంట పని. ముందరి గిట్టలు గుండ్రంగా, వెనుకవి కొంచెం కోసుగా ఉండటం సహజం. వాటిని ఒకదానితో ఒకటి పోల్చి వంకర అనుకోవద్దు.

చెక్కే మనిషి దొరకడం మన ప్రాంతంలో ఇప్పటికీ కష్టమే. గిండీ గుర్రప్పందేల మైదానం వైపు పని నేర్చినవాళ్లు అప్పుడప్పుడు వస్తారు. వైద్యం విషయంలో వేపేరిలో 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల రైలులో వెళ్లి రాగల దూరంలోనే ఉంది. మనిషి మారినప్పుడల్లా పాత ఫోటోలు, పాత కొలతలు చేతిలో పెట్టి పని మొదలుపెట్టమనండి. వాటిని చూడనక్కర్లేదు అనే మనిషికి గిట్ట అప్పగించవద్దు. ఒక్క రోజు చెక్కుడుతో అంతా సరిచేస్తానని రక్తం కనిపించేదాకా కోసేవాడికైతే అసలే వద్దు. చెక్కిన మరునాడు గుర్రం ముందురోజు కంటే ఎక్కువ కుంటితే, ఎక్కువ కోశారన్నమాట. అది కూడా తేదీ వేసి రాయండి.

తేదీ, చెక్కినవారు, నేల, గచ్చు మీద అడుగు, కంకర మీద అంకె, నాడి, వాసన, కప్ప వెడల్పు, మేతలో మార్పు అనే తొమ్మిది గడులతో ఒక నమూనా పుట తయారుచేసి సంఘం గదిలో ఉంచాం. గుర్రం ఉన్న కుటుంబాలు ఈ వానలు ముదిరేలోపు వచ్చి కాపీ తీసుకెళ్లవచ్చు. ఎద్దులున్నవాళ్లు అడిగితే వాటికి వేరే పుట గీసి ఇస్తాం.